అత్తగారి వేలిముద్ర

సెర్రో చాతో,
జూలై 1927

అక్కా,

మా ఊరు ఏ జిల్లాలో ఉండాలో తేల్చడానికి ఆదివారం ఓట్లు వేయించారు. ఈసారి ఆడవాళ్లనూ రమ్మన్నారు. మా ఆయన ఎలెవుతేరియో పొద్దున్నే మా అత్తగారినీ నన్నూ కూర్చోబెట్టి, "ఇద్దరూ దురాస్నో జిల్లాకే వెయ్యండి" అని పాఠం చెప్పాడు. కొడుకు మాటకు ఏనాడూ ఎదురు చెప్పని అత్తగారు తల ఊపారు. ఇక్కడి జూలై చలిలో రెండు గంటలు నిలబడి, వేలిముద్ర వేసి, ఓటేసి వచ్చారు. ఆవిడ వెనకే నేనూ వేశాను.

ఇంటికి రాగానే ఆయన, "దురాస్నోకే కదమ్మా?" అన్నాడు.

"ఎవరికీ చెప్పకూడదట నాయనా. అక్కడి అయ్యగారు గట్టిగా చెప్పారు."

"నేను నీ కొడుకుని."

"అందుకే మరీ చెప్పకూడదు."

ఆయన నావైపు తిరిగాడు. నేను పొయ్యి ఊదుతూ ఉండిపోయాను. మూడు రోజులుగా ఆయనకు మా ఇద్దరితోనూ మాటల్లేవు. నువ్వూ అడగకు. పదకొండేళ్ల కాపురంలో నాదంటూ ఉన్న రహస్యం ఇదొక్కటే.

నీ చెల్లెలు