సీసా పంపకు, నేనే వస్తున్నాను

బూన్ లే, సింగపూర్

ప్రసన్నా, నా ప్రాణానికేం ఫరవాలేదు, కంగారు పడకు. ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే చెప్పలేక ఈ కార్డు రాస్తున్నాను.

మీ తమ్ముడు వెంకటరాజు చేతికి నా చేతి నొప్పికని నువ్విచ్చిన గంజాయి నూనె సీసాను, ఫోన్ చేసి విశాఖ ఎయిర్‌పోర్టులోనే పారేయించాను. ఇక్కడ దిగగానే అతను మండిపడ్డాడు. "బావా, దాంతో ఇక్కడ పట్టుబడుంటే నా పిల్లలు మళ్లీ నన్ను చూసేవోరా?" అన్నాడు.

నీ మాట కాదనలేక డాక్టరుగారినీ అడిగాను. మానని నొప్పులకు ఆ మందు మీద చాలా దేశాల్లో పరిశోధన చేస్తున్నారట. కొందరికి కాస్త తగ్గిందట, చాలామందికి తేడా తెలియలేదట. "నీ చేతికి తగ్గుతుందని మాటివ్వలేను తమ్ముడూ" అన్నారాయన తమిళంలో. బయటికొచ్చి బస్‌స్టాపులో కూర్చుని ఏడ్చాను.

ఇంకొకటి నీ దగ్గర దాచాను. షిప్‌యార్డులో కుడిచెయ్యి నలిగిన దగ్గర్నుంచి వెల్డింగ్ టార్చి పట్టలేకపోతున్నాను. ఇక్కడ పనిచేసే పర్మిట్ కంపెనీ వాళ్లు పొడిగించలేదు. వచ్చే నెలాఖరుకి వచ్చేస్తున్నాను. అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. గ్యాస్ స్టవ్ బాగుచేయించావా? పాపకు జ్వరం తగ్గిందా? నన్ను చూసి పరుగెత్తుకొస్తే ఎడమవైపు నుంచి రమ్మను. కుడిచేతికి దాని గౌను అంచు తగిలినా తట్టుకోలేను.

మిమ్మల్నందరినీ ప్రభువు చల్లగా చూడాలి.

నీ ఏసుబాబు