జుబేదా పేరు మీద హల్వా

3 ఫిబ్రవరి 2025
కోడలు రేష్మా ఫేస్‌బుక్‌లో నా చెల్లెల్ని కనిపెట్టిందట. జుబేదా కరాచీలో బతికే ఉందట. నాకు ఒళ్ళు మండింది. డెబ్భై ఒకటి యుద్ధం తర్వాత అది పోయిందని కబురొచ్చింది. అప్పట్నుంచి ప్రతి షబే బరాత్‌కీ పోయినవాళ్ళకి హల్వా ఫాతిహా పెడుతూ దాని పేరూ చదివిస్తున్నాను. ఇప్పుడు బతికుందంటే ఎట్లా? అన్నం తినకుండా పడుకున్నాను.

5 ఫిబ్రవరి, పొద్దున
కాపురమంతా నరసరావుపేటలోనే, కలలోకొచ్చేది మాత్రం హైదరాబాదే. పత్తర్‌గట్టీలో అబ్బాజాన్ అత్తరు కొట్టు. ఇరానీ హోటల్ రేడియో చుట్టూ జనం. దేశం రెండైందని ఆ రేడియో చెప్పేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు, మాకు మార్కెట్లో ఐస్‌క్రీమే లోకం. అబ్బా, ఎంత బాగుండేది!

మరుసటేడుకి మా గల్లీలో సగం ఇళ్ళకి తాళాలు. పిల్లల్లేని చాచా, గొడవలు తగ్గగానే తెస్తానని జుబేదాని కరాచీ తీసుకెళ్ళాడు. ఐదేళ్ళ పిల్ల. నాంపల్లి స్టేషన్లో కొత్త చెప్పులు చూసుకుంటూ రైలెక్కింది, నా వంక చూడనే లేదు. అబ్బాజాన్ కదలనన్నాడు. మీరెందుకు పోలేదని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. ఏం, ఎందుకు పోవాలి?

8 ఫిబ్రవరి
ఫోన్ చేద్దామంటే మా అబ్బాయి రహీమ్ వద్దన్నాడు. వాడు బైక్ మెకానిక్, షెడ్డుకి రకరకాల మనుషులొస్తారు. మనింట్లోంచి కరాచీకి ఫోనంటే ఎవడో ఒకడు స్టేటస్ పెడతాడు, పోలీసులొస్తారు అన్నాడు. ఈ ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించాను, నన్ననుమానిస్తారా అని అరిచాను. వాడి భయం నిజమే, నా కోపమంతా ఆ భయం మీదే.

9 ఫిబ్రవరి
జుబేదాకీ ఎనభై దాటాయి. ఎన్నాళ్ళాగుతుంది?

10 ఫిబ్రవరి
పక్కింటి మంగతాయారు వచ్చి విషయం రాబట్టింది. కిరాణా కొట్టు మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. రహీమ్‌ని నిలబెట్టి అడిగింది.

"ఏందిరా, తోడబుట్టింది పలకరిస్తే కేసా? మీ అమ్మ మా ఇంట్లో కూర్చుని మాట్లాడుద్దిలే. అడిగేవోడొస్తే నేను చెప్తా."

వద్దు పిన్నీ, నేనే కలుపుతానన్నాడు వాడు.

12 ఫిబ్రవరి, సాయంత్రం 4
వీడియో కాల్. తెర మీద ఎవరో ముసలావిడ. అదీ నన్ను అనుమానంగానే చూసింది. ఉన్నట్టుండి, డబుల్ డెక్కర్ బస్సులో పైన ముందు సీటు నేనెప్పుడూ లాక్కునేదాన్నని మొదలెట్టింది. నేను లాక్కోవడమేంటి, గిచ్చి కూర్చునేది అదే. ఏడుస్తూనే అరగంట పోట్లాడుకున్నాం.

చివర్లో చెప్పింది. ఆ యుద్ధం తర్వాతే నేను పోయానని దానికీ కబురెళ్ళిందట. ఏటా నా పేరున హల్వా పెడుతోందట, జీడిపప్పు దండిగా వేసి. ఉర్దూ అంతా ఎటుపోయిందో, నా నోట తెలుగే వచ్చింది.

"ఒసేయ్, నేను చావలేదే."

13 ఫిబ్రవరి, షబే బరాత్
జుబేదా పేరు చదివించలేదు. మరి ఇన్నేళ్ళూ దానికని పెట్టింది ఎవరికి చేరిందో. ఆ రైళ్ళలో, ఓడల్లో పోయి, పేరు చదివే దిక్కులేనివాళ్ళకి చేరుంటుంది. ఈసారీ ఒక ప్లేటు ఎక్కువే పెట్టాను. ఇది ఎవరి పేరున అని మౌల్వీ అడిగాడు. తెలియదన్నాను.