సోలార్ నీళ్లు, పాప స్నానం

ఏమండీ,

పాప మీ పక్కనే పడుకుని ఉంది. లేచాక స్నానం చేయించండి. గీజరు వేయొద్దు, ఈ ఎండకి మేడ మీద సోలార్ ట్యాంకులో నీళ్లు మరిగిపోతుంటాయి. మనది కింది అంతస్తు కదా, గొట్టంలో నిలిచిన చల్లనీళ్లే ముందు వస్తాయి. వాటిని నమ్మి పాపని కుళాయి కింద పెట్టకండి, బకెట్ నిండేలోగా ఒక్కసారిగా పొగలుకక్కే నీళ్లు దూకుతాయి. బకెట్లో పట్టి, చల్లనీళ్లు కలిపి, మోచేయి ముంచి చూడండి. అరచేతితో వద్దు. వెల్డింగ్ పనితో కాయలు కాసిన మీ చేతులకి వేడి తెలియదు. మొన్న "గోరువెచ్చగానే ఉన్నాయిలే" అన్నారు, పాప కాలు ఎర్రగా కందిపోయింది. పైగా నేను మోచేయి ముంచితే "స్నానం చేయిస్తున్నావా, ప్రయోగం చేస్తున్నావా" అని నవ్వారు. అది ఇంకా మర్చిపోలేదు.

మీ చేతులకి వంక పెట్టానని నొచ్చుకోకండి. నేను గంటసేపు జోకొట్టినా పడుకోని పిల్ల, మీరెత్తుకుంటే ఇట్టే నిద్రపోతుంది. అది చూసే ధైర్యం చేశాను. పెళ్లితో ఆగిపోయిన పదో తరగతి పరీక్ష ఇవాళ రాసొస్తాను. ఐదింటికల్లా ఇంట్లో ఉంటాను.

గేటుదాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చి దాన్ని చూసుకున్నాను. మళ్లీ కూర్చుంటే కదలలేనని, చెప్పులు వేసుకుని నిలబడే ఇది రాస్తున్నాను.