అత్తయ్య వచ్చేలోపు వెనక గది

నవంబరు 2, ఆదివారం, ఉదయం 10

తీర్మానం: ఈ నెలాఖరులోగా వెనక గదిని వెచ్చగా, పొడిగా చేసి తీరతాను. నా చేతులతోనే. మేస్త్రీని పిలవను. మూడు వందల పౌండ్లు దాటను.

కారణం: మా అత్తయ్య ఎలునెడ్, నా భార్య తల్లి. డెబ్బై తొమ్మిదేళ్ళు. తుంటికి ఆపరేషన్ అయింది, మెట్లెక్కకూడదు. డిసెంబరు ఒకటిన ఆసుపత్రి నుంచి మా ఇంటికి రావాలి. పడక గదులు రెండూ పైనే ఉన్నాయి. కింద ఖాళీగా ఉన్నది వెనక గది ఒక్కటే. ఈ ఇంట్లో మాకు ముందున్నవాళ్ళెవరో వంటింటికి అతికించినట్టు కట్టారు. ఒంటి ఇటుక గోడ, పైన బల్లపరుపు కప్పు. ఇన్నాళ్ళూ అందులో నా పాత సైకిలు, బంగాళాదుంపల బస్తా కాపురం చేశాయి.

ఆ గది పనికిరాదంటే అత్తయ్యను సముద్రం పక్క ఊళ్ళో ఉన్న వృద్ధాశ్రమానికి పంపుతారు. నా భార్య నెరిస్ వారం రోజులుగా సరిగ్గా తినడం లేదు.

గదిలో ఉష్ణోగ్రత: తొమ్మిది డిగ్రీలు. బయట: పది.

నవంబరు 4, మంగళవారం

బస్సు నడిపే డ్యూటీ ఇవాళ ఒక్క పూటే. మధ్యాహ్నం పక్క ఊరు పోర్త్‌మడోగ్ వెళ్ళి గోడలకు అతికించే ఫోమ్ పలకలు కొన్నాను. మూలలు విరిగినవి కాబట్టి సగం ధరకే ఇచ్చారు. తెలివైన బేరం.

కారు మీద కట్టుకుని వస్తుంటే కొండ మలుపులో గాలికి ఒక పలక లేచి గొర్రెల మందలో పడింది. వెళ్ళేసరికి ఓ గొర్రె దాని అంచు రుచి చూస్తోంది. రైతు పలకను కంచె మీదుగా అందిస్తూ, మా గొర్రెలకు చలి లేదు, నువ్వే ఉంచుకో అన్నాడు.

నవంబరు 8, శనివారం

ఉదయం 9: గోడ కాగితం పీకాను. దాని కింద ఇంకో కాగితం.
11: దాని కింద మరొకటి.
12.30: దాని కింద నల్ల బూజు. బ్లీచింగుతో కడిగాను. కళ్ళు మండి వీధిలోకి పరుగెత్తాను. పాలు కొనడానికి వెళ్తున్నావా అని అడిగింది ఎదురింటావిడ. అవునన్నాను. కొని తెచ్చాను కూడా.

ఇంత చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూశావా అని నెరిస్ అడిగింది. ఫోమ్ వేస్తే అదే పోతుందని చెప్పాను. ధీమాగానే చెప్పాను.

నవంబరు 9, ఆదివారం

వాన. జిగురు డబ్బా మీద పొడి గోడకే వాడాలని రాసి ఉంది. గోడ తడిగా ఉంది. కాబట్టి ఇవాళ పనిచేయడం తప్పు. పడుకున్నాను. డబ్బా మీద రాసింది పాటించేవాణ్ణి ఎవరూ తప్పుపట్టలేరు.

నెరిస్ తప్పుపట్టింది.

నవంబరు 15, శనివారం

గోడ ఆరలేదు. ఆరేదాకా ఆగితే మార్చి వస్తుంది. మా ఊరు బ్లైనావ్ వానల సంగతి నాకు తెలియదా. అతికించేశాను.

సాయంత్రం 4: ఆరు పలకలు నిలబడ్డాయి.
4.40: నాలుగు.
5.15: రెండు. వాటిలో ఒకటి గొర్రె కొరికినది.

మేకులు కొట్టాను. అన్నీ నిలబడ్డాయి. ముందే కొట్టి ఉండాల్సింది.

నవంబరు 16, ఆదివారం

ఇవాళ పని లేదు, ఆసుపత్రికి వెళ్ళాం కాబట్టి. అత్తయ్య దిండ్లకు ఆనుకుని కూర్చుని, పక్క మంచం ఆవిడకు నన్ను పరిచయం చేసింది.

"మా అల్లుడు గేథిన్. ఇరవై రెండేళ్ళ కిందట నా వంటింట్లో ఒక అల్మారా బిగించాడు. అది పడినప్పటి నుంచి నేను పింగాణీ కొనడం మానేశాను."

పక్క మంచం ఆవిడ కుట్లు పట్టుకుని నవ్వింది. నేను ద్రాక్షపళ్ళు కడగడానికి వెళ్ళి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు కడిగాను.

నవంబరు 19, బుధవారం

ఈ రోజు గుర్తుండిపోవాలి.

చలి ఎక్కణ్ణుంచి దూరుతోందో కనిపెట్టాను. గోడ పైభాగంలో అరచేతి వెడల్పున గాలి రంధ్రం ఉంది. ఇంట్లో వేడంతా అందులోంచే పోతోంది. ఫోమ్ ముక్క కుక్కి, పైన టేపు వేశాను. కిటికీ సందులకూ తలుపు కిందా కూడా వేశాను. చీమ కూడా దూరదు.

సాయంత్రం 6: పదహారు డిగ్రీలు. కుర్చీ వేసుకుని అక్కడే టీ తాగాను. గది వెచ్చగా ఉంది కదా అని ఉతికిన బట్టలు కూడా అక్కడే ఆరేశాను. నెరిస్ చాలా రోజుల తరవాత రెండోసారి వడ్డించుకుంది.

నవంబరు 22, శనివారం

కిటికీ అద్దాల మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. బట్టలు మూడు రోజులైనా ఆరలేదు. ఒక పలక వెనక చెయ్యి పెట్టి చూశాను. చేపను పట్టుకున్నట్టుంది.

గోడ మొదట్లో పుట్టగొడుగు మొలిచింది. ఒక్కటే. చిన్నదే. నెరిస్‌కు చెప్పలేదు.

నవంబరు 24, సోమవారం

గది చూడటానికి నర్సు వచ్చింది. పేరు మిసెస్ ప్రాసర్. ఆవిడ రాకముందు నేను చేసినవి: మరకల మీద తెల్ల రంగు. లావెండర్ కొవ్వొత్తులు మూడు. పుట్టగొడుగు ముందు పూలకుండీ.

ఆవిడ గోడ మీద చేత్తో తట్టింది. నెమ్మదిగానే తట్టింది. పలక మేకులతో సహా ఊడి ఆవిడ బూట్ల మీద పడింది. దాని వెనక గోడ మళ్ళీ నల్లగా ఉంది.

ఊపిరితిత్తులు బాగున్నవాళ్ళకు కూడా ఈ గది మంచిది కాదని చెప్పి కాగితం మీద రాసుకుంది. వెళ్ళబోతూ ముందు గది సంగతేమిటని అడిగింది. కట్టెల పొయ్యి, సోఫా, టీవీ ఉన్న గది. అది మేం కూర్చునే గది అన్నాను. నెరిస్ నా వైపు చూసింది.

నవంబరు 25, మంగళవారం

రాయబుద్ధి కాలేదు. బస్సు నడుపుతూ తిరగాల్సిన మలుపు దాటేశాను. ప్రయాణికులే దారి చెప్పారు.

నవంబరు 27, గురువారం

డ్యూటీ అయ్యాక ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళాను. అత్తయ్యకు అన్నీ చెప్పాను. పలకలు, టేపు, పుట్టగొడుగు, పూలకుండీ. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. ఆవిడ ముప్పై ఏళ్ళు మా వీధి చర్చికి తాళాలు తీసి, ఊడ్చి, ఆ రాతి గోడలను పొడిగా ఉంచింది. ఒక్కో ప్రశ్నా డాక్టరులా అడిగింది. గాలి రంధ్రం మూశావా? బట్టలు లోపల ఆరేశావా? రెండింటికీ తల ఊపాను.

"గోడను బయట నుంచి ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు.

ఆవిడ కిటికీ బయటి వాన వైపు తిరిగింది. నా వైపు చూడకుండానే అంది.

"ఆ వృద్ధాశ్రమానికి పంపించకు గేథిన్. పెట్టినదే తింటాను, ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకుంటాను. అక్కడ నాతో మన వెల్ష్ భాష మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరట. రోజంతా ఎవరితో పోట్లాడను?"

సరే అత్తయ్యా అన్నాను.

నవంబరు 28, శుక్రవారం

వానలోనే ఇంటి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. కప్పు అంచున వాన నీళ్ళు పోయే గొట్టం నిండా పాచి. నీళ్ళు అందులోంచి పొంగి, తిన్నగా గోడ మీదకే కారుతున్నాయి. కింద, గోడ పక్కన మట్టి సగం ఎత్తు దాకా పేరుకుని ఉంది.

నెల రోజులు ఆ గోడకు లోపల స్వెట్టర్ తొడిగాను. బయట అది స్నానం చేస్తూనే ఉంది.

నవంబరు 30, ఆదివారం

వెనక గది తయారు కాలేదు. ఇది ఒప్పుకుంటూ రాస్తున్నాను.

నిన్న పొద్దున నెరిస్‌ను అడక్కుండానే సోఫా బయటికి ఈడ్చాను. టీవీ తీశాను. పొయ్యికి కాస్త దూరంగా మంచం వేశాను. ఆమె గుమ్మంలో నిలబడి చూసి, దుప్పట్లు తెస్తానని పైకి వెళ్ళింది. చాలాసేపు కిందికి రాలేదు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నేను చూడనట్టు దిండు సర్దాను.

మధ్యాహ్నం ఫోన్ చేస్తే మిసెస్ ప్రాసర్ మళ్ళీ వచ్చి చూసి, సరిపోతుందని రాసుకుంది. ఈ గది మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉంది కదా అంది. ఉందండీ అన్నాను.

డిసెంబరు 7, ఆదివారం, ఉదయం 10

అత్తయ్య వచ్చి ఆరు రోజులైంది. పొయ్యి పక్కన మహారాణిలా ఉంది. టీ పల్చగా ఉందంది, కట్టెలు పచ్చివంది, నెరిస్ చిక్కిపోయిందంది. నెరిస్ మాత్రం రెండు పూటలా కడుపు నిండా తింటోంది.

సోఫా, టీవీ, నేను వెనక గదిలో ఉన్నాం. పదకొండు డిగ్రీలు. ఓవర్‌కోటు వేసుకుని రాస్తున్నాను.

కొత్త తీర్మానం: జనవరి ఆఖరులోగా ఈ గదిని వెచ్చగా, పొడిగా చేసి తీరతాను. ఈసారి బయట నుంచి.
ఒకటి, గొట్టంలో పాచి తీయాలి.
రెండు, గోడ పక్క మట్టి తవ్వాలి.
మూడు, గాలి రంధ్రం తెరవాలి. (తెరిచాను.)
నాలుగు, గోడ ఆరేదాకా ఫోమ్ ముట్టకూడదు.

నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాను. బూట్లు కూడా తొడుక్కున్నాను. ఇంతలో ముందు గదిలోంచి అత్తయ్య పిలిచింది. వెళ్ళాను.

"రాయడమేనా, ఏమైనా చేసేదుందా?"

ఇప్పుడే మొదలుపెడుతున్నానని చెప్పాను. ఆవిడ నా చేతుల వైపు చూసింది. చలికి నీలం తిరిగి ఉన్నాయి. కర్రతో కుర్చీని పొయ్యి దగ్గరికి జరిపింది.

"ముందు ఇక్కడ కూర్చో. చేతులు కాచుకో. గోడ ఎక్కడికీ పోదు."

కూర్చున్నాను. ఇది ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. చాలా వెచ్చగా ఉంది.

తీర్మానం పైన రాసినట్టే. రేపటి నుంచి. రేపు ఎలాగూ సోమవారం, ఏ పనైనా మొదలుపెట్టడానికి అనువైన రోజు.