నాలుగు రోజులు ఆగిన సరస్సు

చిపాంగ,
ఏప్రిల్ 2, 1979.

తెంవా నాన్నకు మీ భార్య నమస్కారాలు. ఇక్కడ నేనూ పాపా బాగున్నాం. గనిలో మీరూ మీ తోటివాళ్ళూ క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాం.

మీరు పంపిన దుప్పటి అందింది. పాపకు ముందు పళ్ళు రెండు ఊడాయి. కర్రపెండలం పిండి దొరుకుతోంది కానీ ఉసిపా చేపలకు కరువు. సరస్సు మీదికి వెళ్ళిన పడవలు చేపల కోసం వెళ్ళలేదు.

"నీళ్ళు పెరగడం ఆగిందా? అమ్మ నీ దగ్గరే ఉందా?" అని అడిగారు. ఫిబ్రవరిలో నీళ్ళు మన ఒడ్డింటి వాకిలికి రాగానే అత్తయ్యను గుట్ట మీద బడి క్వార్టర్‌కు తెచ్చుకున్నాను. ఒక్క గదిలో ముగ్గురం. ఆవిడ సంగతి మీకు తెలియనిదా? నేను పిల్లల లెక్కలు దిద్దుతుంటే, "సుద్దముక్కలతో కడుపు నిండుతుందా కోడలా" అనేది.

పెద్ద తరగతికి అప్పుడే స్థిర బిందువులు, అంటే గీత ఎక్కడమూ దిగడమూ ఆగే చోట్లు, చెబుతున్నాను. రేవులో కొలకర్ర పాతించి, రోజూ పొద్దున్నే నీటిమట్టం రాయించి, గ్రాఫు కాగితం మీద గీత గీయించాను. ఎక్కుతూ వచ్చిన గీత మెల్లగా వంగి, మార్చి పన్నెండున చదునైంది. నాలుగు రోజులు నీళ్ళు వేలి మందం కదలలేదు. చిన్న అల కూడా లేదు. దాహంతో వచ్చిన కుక్కలు ముట్టకుండా ఒడ్డున నిలబడి చూసేవి.

వాలు సున్నా అయింది, ఇక దిగడమే అని ఊరికి చెప్పాను. అత్తయ్య ఆ కాగితం అటూ ఇటూ తిప్పింది.

"ఆగింది సరే. ఎటు పోవడానికి ఆగింది?"

"దిగడానికే అత్తయ్యా."

"నీళ్ళు నీకు చెప్పాయా?"

"లెక్క చెప్పింది."

"టీచరమ్మవి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అయితే నా చాప చుట్టు."

చుట్టాను. శుక్రవారం నేనే ఒడ్డింట్లో దింపి వచ్చాను.

ఇక దాచను. వాలు సున్నా అయితే చాలదు, రెండు వైపులా చూడాలని పిల్లల పుస్తకాల్లో ఎర్ర సిరాతో రాసేది నేనే. ఎక్కే గీత కాసేపు ఆగి మళ్ళీ ఎక్కవచ్చు. రెండో వైపు తెలియాలంటే ఇంకో నాలుగు రోజుల కొలతలు కావాలి. నేను ఆగలేదు. నా గది నాకు కావాలనిపించింది.

శనివారం నీళ్ళు జానెడు లేచాయి. పిలవడానికి పరుగెత్తాను. "దిగుతుందన్నావుగా, దిగనీ" అంది నవ్వుతూ. నేనూ పట్టుబట్టలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి కప్పు మీది గడ్డి ఒక్కటే కనిపించింది. గాలి లేదు, చప్పుడు లేదు. పడవలు పదకొండు రోజులు వెతికాయి. అత్తయ్య దొరకలేదు. తంతి ఇద్దామని రెండుసార్లు పోస్టాఫీసు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

మొన్న నీళ్ళు నడుముల దాకా తగ్గితే ఇంట్లోకి వెళ్ళాను. ఇటుక గోడ మీద కత్తితో గీసిన గీతలున్నాయి. ఆవిడ కూడా కొలిచింది. పైకి పోయేకొద్దీ ఒకదానికొకటి దూరమవుతూ ఏడు గీతలు. ఏడోది కప్పు వాసానికి ఆనుకుని ఉంది. ఆవిడ చేయి అక్కడికి అందదు, నీళ్ళే ఎత్తి ఉండాలి.

ఇప్పుడు మూడు రోజులుగా నీళ్ళు మళ్ళీ కదలడం లేదు. కుక్కలు ఒడ్డున నిలబడే ఉన్నాయి. ఊరివాళ్ళు ఒడ్డుకు దిగవచ్చా అని నన్నే అడుగుతున్నారు. ఎటు పోవడానికి ఆగిందో నాకు తెలియదని చెప్పాను.

నా మొహం చూడాలనిపించకపోయినా రండి.

ఇట్లు,
మీ అమ్మ చాప చుట్టి ఇచ్చిన కోడలు,
లుసుంగు