తడి ఆకు

పెద్దమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ మధ్యాహ్నమే మా రాకెట్ ఎగిరింది. నిన్ననే ఎగరాల్సింది, ఆపింది నేనే. మా తలమీద ఆకాశం నీలంగానే ఉంది కానీ, రాడార్‌లో ఒక ఉరుముల మబ్బు మా వైపు జరుగుతూ కనిపించింది. అలాంటి మబ్బు దగ్గరగా ఉంటే ఎగిరే రాకెట్టే పిడుగును పిలుచుకుంటుంది. వాతావరణం చూసే పని నాదే కాబట్టి వద్దన్నాను.

"అంత దూరపు మబ్బుకే భయమా?" అని మా పెద్దాఫీసరు విసుక్కున్నాడు. తీరా ఆ మబ్బు మా మీదికి రానే లేదు. అందరూ నా వంకే చూశారు.

అప్పుడు కెంచార్లహళ్ళిలో నీ పట్టుపురుగుల గది గుర్తొచ్చింది. వాన వెలిసిన ఒక పొద్దున పురుగులు ఆకలితో తలలెత్తి ఆడిస్తుంటే, మల్బరీ ఆకు వేసేద్దామని నేను తొందరపడ్డాను. నువ్వు ఒక ఆకు తీసి చెంపకు ఆనించుకున్నావు.

"ఇంకా తడి ఉండాది. ఆకలికి తాళ్తాయి గానీ తడికి తాళవమ్మా. ఆరనీ."

ఆ మాట నాకు మిగిల్చి పోయావు కాబట్టే నిన్న తల దించుకోలేదు.

ఈ రోజు "ఎగరొచ్చు" అని చెప్పే ముందు, గాలి లెక్కల కాగితాన్ని చెంపకు ఆనించుకున్నాను. పక్కవాళ్ళు నవ్వారు.

ఆరే ఉంది, పెద్దమ్మా.