బొట్టు పెట్టిన కళ్లద్దాలు

రాజమ్మా, నువ్వు పోయాక వచ్చిన మొదటి ఆయుధపూజకే నీ కొడుకు నా ప్రాణం తీశాడు! చిత్తూరు లేత్ షాపులో సానరాయి దగ్గర పెట్టుకోమని ఓనరు కళ్లద్దాలు కొనిస్తే, వాటికి బొట్టు పెట్టి మిషనుకు తగిలించాడు.

"పూజ చేసినవి మొగాన పెట్టుకుంటే పాపం నాయనా."

"కన్ను పోతే ఈ మిషను వచ్చి కూడు పెడతాదా? ఎద్దు మాదిరి పెరిగినావే గానీ!"

నేనే తీసి వాడి ముఖానికి తగిలించి వచ్చాను. ఈరోజు ఇనుపరవ్వ ఎగిరొచ్చి ఎడమ అద్దం పగిలింది. కంటికేమీ కాలేదు తల్లీ, ఏమీ కాలేదు! వీడేమో ఏడుపుముఖంతో వచ్చాడు.

"కొత్త అద్దం పోయినాది నాయనా!"

ఒళ్లు మండింది. వీధిలోనే పట్టుకుని రెండు కళ్లకూ ముద్దులు పెట్టాను. ఇద్దరు బిడ్డల తండ్రి, సిగ్గుతో చచ్చాడు. ఎడమ కంటికి పెట్టింది నీ తరఫున.